గండికోట మూడు రోజుల క్యాంపు: తొమ్మిదో తరగతి పాపను పంపించమంటారా?

విభాగం: పిల్లలు, చదువులు (కడప, కర్నూలు, అనంతపురం)

దేవునికడప_అమ్మ
నవంబరు 8, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా పాప కడపలో తొమ్మిదో తరగతి. మొన్న స్కూల్లో ఒక ఫారం ఇచ్చి పంపించినారు. గండికోటలో మూడు రోజులు, రెండు రాత్రుళ్లు అడ్వెంచర్ క్యాంపు. బండ ఎక్కడం, తాడు మీద కిందికి దిగడం, రిజర్వాయర్ నీళ్లలో కయాకింగ్ (చిన్న తెడ్డు పడవ నడపడం), రాత్రికి టెంట్లలో పడక. నాలుగున్నర వేలు కట్టాలి. 'మీ బిడ్డ సామాజిక, భావోద్వేగ వికాసానికి' అని పైన పెద్దక్షరాలతో వేసినారు.

మా ఆయన ఆ లైను చదివి, 'రోజూ రెండు గిన్నెలు కడిగినా ఆ వికాసం వస్తుంది, దీనికి నాలుగున్నర వేలెందుకు' అన్నారు. మా అత్తమ్మ అయితే ఆడపిల్లను రాత్రిపూట కోట కాడ పడుకోబెట్టడమేందని ఫారం తీసి టీవీ కింద పెట్టేసింది.

పాప సంగతి చెప్తాను. మార్కులు బాగానే వస్తాయి. కానీ మనుషుల్లో కలవదు. క్లాసులో ఒక్కటే స్నేహితురాలు. ఆ అమ్మాయి రాని రోజు టిఫిన్ బాక్సు మూత కూడా తీయదు. యూనిట్ టెస్టులో రెండు మార్కులు తగ్గితే రాత్రంతా టెన్షన్. క్యాంపుకు పోతావా అంటే 'నీ ఇష్టం' అంటుంది. ఇట్లాంటి పిల్లకు నిజంగా ఉపయోగం ఉంటుందా, లేక ఫొటోల కోసం చేసే పిక్నికేనా? పిల్లలను పంపించిన వాళ్లుంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

సంగటి_ముద్ద
నవంబరు 8, రాత్రి 10:05

అక్కా, నాది ప్రొద్దుటూరు. మా కాలంలో ఎవరూ డబ్బు కట్టి గుట్ట ఎక్కలేదు. గొర్రెల వెంబడి పోతా ఎక్కినాం. మోటబావిలో తోసేస్తే ఈత వచ్చింది. అప్పుడు దానికి వికాసం అని పేరు పెట్టే తెలివి ఎవరికీ లేకపోయింది, పెట్టుంటే మా చిన్నాయన కోటీశ్వరుడు అయ్యుండేవాడు. అన్నగారు చెప్పిన గిన్నెల లెక్కే నాకు కరెక్టు అనిపిస్తాంది.

బండమీద_తాడు
నవంబరు 8, రాత్రి 11:20

సంగటి అన్నా, గొర్రెల వెంబడి పోయినప్పుడు పెద్ద పిల్లోళ్లు పక్కన ఉండేవాళ్లు. దారి తప్పితే నువ్వే వెతుక్కోవాలి, గొర్రె తప్పితే నీ వీపు విమానం మోత. అంటే నీకు నిజమైన పని ఉండేది, దాని ఫలితం నీ మీదే పడేది. ఇప్పటి పిల్లోళ్లకు అదే లేదు. పొద్దున ఆటో, స్కూలు, స్టడీ అవరు, మళ్లీ ఆటో. డబ్బు కట్టడం సంగతి పక్కన పెడితే, నువ్వు చెప్పేదీ మేము చేసేదీ ఒకటే.

అక్కా, నేను పెనుకొండ వైపు వాడిని. పిల్లలకు బండ ఎక్కడం నేర్పించడమే నా పని, కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకునే వినండి.

ఎత్తు ఎక్కితే ధైర్యం వస్తుందని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో ఎక్కే పిల్ల కంటే కింద తాడు పట్టుకునే పిల్లలో మార్పు ఎక్కువ. దీన్ని బిలే అంటాం. బండ పైన యాంకర్, అంటే తాడును పట్టి ఉంచే గట్టి ఆధారం, వేస్తాం, దాంట్లో నుంచి తాడు కిందికొస్తుంది. ఒక కొస ఎక్కే పిల్ల హార్నెస్‌కు (నడుముకు, తొడలకు వేసుకునే గట్టి పట్టీలు) ఎనిమిది ముడితో కడతాం. రెండో కొస కింద నిలబడిన పిల్ల నడుము దగ్గరున్న బిలే పరికరం గుండా పోతుంది. పైపిల్ల ఒక అడుగు ఎక్కితే కిందిపిల్ల అంత తాడు లాగాలి. బ్రేక్ చెయ్యి, అంటే తాడును ఆపి పట్టుకునే చెయ్యి, ఒక్క క్షణం కూడా తాడు వదలకూడదు. ఆ పిల్ల వెనక మా మనిషి అదే తాడు పట్టుకుని ఉంటాడు, భయపడొద్దు.

ఎక్కే ముందు ఒకరి ముడి ఒకరు చూడాలి. ముడిలో తాళ్లు జంటగా పక్కపక్కనే పడినాయా, క్యారబీనర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) మర బిగించినారా, వేళ్లతో నొక్కితే తెరుచుకుంటుందా అని చూసుకోవాలి. తర్వాత పైపిల్ల 'ఆన్ బిలే?' అని అడగాలి. కిందిపిల్ల 'బిలే ఆన్' అని గట్టిగా చెప్పాలి. గొణిగితే కుదరదు. స్పష్టంగా వినపడేదాకా ఎవరూ బండ మీద చెయ్యి వేయరు. ఏడాదంతా క్లాసులో నోరు విప్పని పిల్లలు అక్కడ అరిచి చెప్పడం నేను చూస్తూనే ఉంటాను. 'ధైర్యంగా మాట్లాడమ్మా' అని వాళ్లకు ఎవరూ నీతులు చెప్పరు. తాడుకు అవతలి కొసన ఒక మనిషి ఉంది, అంతే.

తుంగభద్ర_గట్టు
నవంబరు 9, ఉదయం 7:15

కర్నూలు నుంచి. నేను డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్తాను. అమ్మగారు 'ఉన్నదున్నట్టు' అన్నారు కాబట్టి పరిశోధనల్లో తేలిన సంగతి రెండు వైపులా చెప్తాను.

ఈ పద్ధతికి ఆద్యుడుగా కర్ట్ హాన్ అనే జర్మన్ ఉపాధ్యాయుణ్ణి చెప్తారు. హిట్లర్‌ను వ్యతిరేకించి అరెస్టయి, 1933లో దేశం వదిలి బ్రిటన్ చేరాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు మునిగినప్పుడు, పెద్ద వయసు నావికులు తట్టుకుంటున్నారు, కుర్రవాళ్లే ముందు చేతులెత్తేస్తున్నారు అని ఓడల కంపెనీ యజమాని లారెన్స్ హోల్ట్ గమనించాడట. వాళ్లిద్దరూ కలిసి 1941లో వేల్స్‌లోని అబర్‌డోవీలో ఔట్‌వర్డ్ బౌండ్ బడి పెట్టారు. కుర్రవాళ్లకు కండబలం తక్కువై కాదు, కష్టం మీద పడినప్పుడు నిలబడిన అనుభవం లేక అని వాళ్ల ఆలోచన.

ఇక లెక్కలు. 1997లో జాన్ హాటీ బృందం ఇలాంటి కార్యక్రమాల మీద వచ్చిన 96 అధ్యయనాలను కలిపి చూసింది. క్యాంపు ముగిసేనాటికి సగటు ప్రభావం 0.34. మామూలు భాషలో చెప్పాలంటే, వందమందిలో సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లవాడు, కింది నుంచి లెక్కిస్తే, 63వ స్థానం దగ్గరికి పైకి జరిగినట్టు. అద్భుతమేమీ కాదు, అలాగని కొట్టిపారేసేదీ కాదు. నాకు ఆసక్తిగా అనిపించింది ఇంకోటి. సాధారణంగా ఏ శిక్షణ ప్రభావమైనా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఇక్కడ కొంతకాలం తర్వాత మళ్లీ కొలిస్తే ఇంకో 0.17 పెరిగింది. బాగా పెరిగినవి తన మీద తనకు నమ్మకం, సొంతంగా నిర్ణయం తీసుకోవడం, తనను తాను అదుపులో పెట్టుకోవడం లాంటివి.

రెండో వైపు: వాటిలో ఎక్కువ రోజులు జరిగిన కార్యక్రమాలకే, ముఖ్యంగా 20 రోజులు దాటినవాటికే ఫలితం ఎక్కువ. మీ స్కూలుది మూడు రోజులు. కాబట్టి ఫారం మీద పెద్దక్షరాలను కొంచెం చిన్నవి చేసి చదువుకోండి.

'ధైర్యంగా మాట్లాడు' అని నీతి చెప్పక్కర్లేదని తాడు గారు అన్నదానికి శాస్త్రంలో ఆధారం ఉంది. 'నేను చేయగలను' అనే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వవేత్త 1977లో వివరించాడు. స్వయంగా చేసి గట్టెక్కడం అన్నిటికన్నా బలమైన దారి. తనలాంటి ఇంకొకరు చేయడం చూడటం ఆ తర్వాతిది. పక్కనుంచి 'నీవల్ల అవుతుంది' అని చెప్పడం వీటి కంటే బలహీనం. మనం ఇళ్లలో రోజూ వాడేది ఈ చివరిదే.

సంగటి_ముద్ద
నవంబరు 9, ఉదయం 8:02

సార్, 63వ స్థానం బాగుంది గానీ అది పిల్లోళ్లే తమ గురించి తాము రాసిచ్చిన మార్కులు కదా? క్యాంపు నుంచి దిగిన రోజు ఎవడైనా 'నేను సింహం' అనే రాస్తాడు. తిరణాల నుంచి వచ్చిన రోజు మేమూ అంతే.

తుంగభద్ర_గట్టు
నవంబరు 9, ఉదయం 8:30

మంచి ప్రశ్న. అవును, చాలా అధ్యయనాలు పిల్లలు నింపిన ప్రశ్నాపత్రాల మీదే నడిచినవి. పోల్చి చూసేందుకు క్యాంపుకు వెళ్లని పిల్లల గుంపు సరిగా లేనివి కూడా వాటిలో ఉన్నాయి. కొన్నాళ్ల తర్వాత కూడా తగ్గలేదు అన్నది మాత్రం 'తిరణాల సంబరం' వాదనకు అడ్డం వస్తుంది.

ఆలూరు_పిల్లోడు
నవంబరు 9, మధ్యాహ్నం 1:10

నేను బీటెక్ థర్డ్ ఇయర్. ఇంటర్‌లో మమ్మల్ని ఇట్లాంటి క్యాంపుకే తీసుకుపోయినారు. ఏ కాలేజీ, ఎవరు నిర్వహించినారు అనేది ఇక్కడ వద్దు. నాకు ఎత్తంటే భయం. రాపెల్లింగ్ (తాడు మీద కిందికి దిగడం) అంచు దగ్గర నిలబెట్టి, 'మగోడివి కాదా' అని మైకులో అన్నాడు ట్రైనర్. కింద నలభైమంది. సగం మంది చేతుల్లో ఫోన్లు. నేను దిగలేదు. ఏడ్చినాను. ఆ వీడియో క్లాస్ గ్రూపులో రెండేళ్లు తిరిగింది. నాకు ఏ వికాసమూ రాలేదు. ఇప్పటికీ ట్రెక్కింగ్ అని ఎవరైనా అంటే కడుపులో తిప్పుతుంది.

అక్కా, పాప 'నీ ఇష్టం' అంటోందంటే నాకు మాత్రం వద్దు అన్నట్టే వినపడుతోంది. ఒకసారి సరిగా అడగండి.

బండమీద_తాడు
నవంబరు 9, మధ్యాహ్నం 2:45

తమ్ముడూ, నీకు జరిగింది శిక్షణ కాదు, రౌడీతనం. మా పనిలో మొదటి సూత్రం 'ఛాలెంజ్ బై చాయిస్'. 1970ల్లో అమెరికాలో ప్రాజెక్ట్ అడ్వెంచర్ అనే సంస్థ వాళ్లు దాన్ని వాడుకలోకి తెచ్చినారు. ఎంతవరకు వెళ్లాలో పిల్లే నిర్ణయిస్తుంది. అంచు దాకా వచ్చి, హార్నెస్ వేసుకుని, కిందికి చూసి, 'ఈరోజుకు చాలు' అని వెనక్కి వచ్చేసినా అది పూర్తయినట్టే.

రాపెల్ అంచు సంగతి ఇంట్లో కూర్చున్నవాళ్లకు తెలియదు, అందుకే చెప్తున్నా. అక్కడ శరీరం ముందుకు వంగమంటుంది, బండను కౌగిలించుకోమంటుంది. ముందుకు వంగితే కాళ్లు జారతాయి. వెనక్కి, గాలిలోకి వాలాలి. కాళ్లు భుజాలంత ఎడంగా పెట్టి, పాదాలు బండకు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు. బుద్ధి చెప్పేది ఒకటి, ఒళ్లు చెప్పేది ఇంకోటి. ఆ క్షణంలో పిల్లకు కావలసింది ఒక్క గొంతు, మెల్లగా మాట్లాడే గొంతు. కింద నుంచి నలుగురు నాలుగు సలహాలు అరిస్తే మా వాళ్లు వాళ్లను పక్కకు పంపించేస్తారు. ఫోన్లయితే పొద్దునే సంచిలో వేసి తీసేసుకుంటాం.

కొంచెం భయం ఉంటే నేర్చుకుంటారు. భయం ఒక గీత దాటితే మెదడు నేర్చుకోవడం మానేసి తప్పించుకునే దారి వెతుకుతుంది. ఆ గీత ఎవరికి ఎక్కడుందో మైకు పట్టుకున్నవాడికి తెలియదు.

మైదుకూరు_అక్క
నవంబరు 9, సాయంత్రం 6:20

అందరూ తాళ్లు, ముళ్లు గురించి మాట్లాడుతున్నారు. ఆడపిల్ల తల్లిగా నేను అడిగేది వేరే. బాత్రూములు ఎన్ని, ఎంత దూరం, రాత్రి లైటు ఉంటుందా? ఆడ ట్రైనర్ ఉందా, లేక ఒక టీచరమ్మను పంపి చేతులు దులుపుకుంటారా? నెలసరి వస్తే ఆ రోజు హార్నెస్ వేసుకోనంటే ఎవరికి చెప్పుకోవాలి, అందరిముందూ చెప్పాలా? మా పాప పోయినప్పుడు ఒక టీచరమ్మ ముందు రోజే ఆడపిల్లలను విడిగా కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పింది. నాకు ఆ గంటతోనే సగం ధైర్యం వచ్చింది.

మీ అత్తమ్మకు మలావత్ పూర్ణ గురించి చెప్పండి. నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆ పిల్లకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. తోడుగా ఖమ్మం జిల్లా నుంచి ఆనంద్ కుమార్ అనే ఇంకో గురుకులం పిల్లోడు.

సంగటి_ముద్ద
నవంబరు 9, సాయంత్రం 6:41

మా ప్రొద్దుటూరులో ఎవరెస్ట్ లేదు కదక్కా.

మైదుకూరు_అక్క
నవంబరు 9, సాయంత్రం 6:44

పాకాలలో మాత్రం ఉందా ప్పా.

గుత్తికోట_మాస్టారు
నవంబరు 9, రాత్రి 9:30

నేను ప్రభుత్వ హైస్కూల్లో పనిచేస్తాను. మాకు నాలుగున్నర వేల మాట లేదు, నలభై రూపాయలు అడగాలన్నా రెండుసార్లు ఆలోచిస్తాం. అయినా ఏటా పిల్లలను గుత్తి కోట ఎక్కిస్తాను. తాడు లేదు, హార్నెస్ లేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఎక్కి దిగేస్తాం. కోట పురావస్తు శాఖ కింద ఉంది కాబట్టి పైన పొయ్యి పెట్టకూడదు. దిగినాక ఒక రైతు మామిడి తోటలో వంట.

ఆ వంట గురించి చెప్పాలి. ఆరుగురికి ఒక గుంపు. నేనే పేర్లు చీటీలు తీస్తాను, స్నేహితులంతా ఒకచోట పడకుండా. ఒక్కో గుంపుకు మూడు రాళ్లు, ఒక గిన్నె, బొరుగులు, ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు, పప్పుల పొడి, నూనె, అగ్గిపెట్టెలో పది పుల్లలు. పదే. ఉగ్గాని చేసుకోవాలి, చేసుకున్నదే తినాలి. నేను మామిడి చెట్టు కింద కూర్చుంటాను, నిప్పు దగ్గర ఎవరైనా పిచ్చిపని చేస్తే తప్ప లేవను.

పోయిన సారి ఒక గుంపులో క్లాస్ ఫస్టు వచ్చే అమ్మాయి, ఊర్లో పెద్దింటి అబ్బాయి, ఇంకా కొందరు. వాళ్లలోనే చివరి బెంచీ పిల్లోడు ఒకడు. వాళ్ల నాయన బస్టాండు దగ్గర తోపుడు బండి మీద టిఫిన్లు అమ్ముతాడు. పెద్దింటి అబ్బాయి నాయకుడైపోయి ఏడు పుల్లలు కాల్చేసినాడు, పొయ్యి రాజుకోలేదు. బొరుగులు నీళ్లలో వేసి మరిచిపోయినారు, అవి ముద్దయిపోయినాయి. అరుపులు మొదలైనాయి. అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. అంతసేపూ ఈ పిల్లోడు పక్కన కూర్చుని చూస్తున్నాడు. ఎనిమిదో పుల్ల దగ్గర ఎవరో 'ఒరేయ్, నీకు వచ్చు కదా' అన్నారు. వాడు లేచి గాలి యాడ నుంచి వస్తాందో చూసి రాళ్లు తిప్పినాడు, కొబ్బరి పీచు వెతుక్కొచ్చి ఒక్క పుల్లతో రాజేసినాడు. మిగిలిన బొరుగులు ఇట్ల ముంచి అట్ల పిండేసినాడు. పెద్దింటి అబ్బాయి ఉల్లిగడ్డలు తరగడానికి కూర్చున్నాడు, ఎట్ల తరగాలో వీడినే అడుగుతా.

ఎవరు కలిపిన గిన్నెలో ఎవరు తింటారు అనే గొడవ కూడా మా పిల్లల్లో మెల్లగా ఉంటుంది, మీకు తెలియనిది కాదు. ఆ రోజు ఆకలి మీద ఆరుగురూ ఒకే గిన్నె చుట్టూ కూర్చున్నారు. నేను దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

తిన్నాక అందరినీ గుండ్రంగా కూర్చోబెడతాను. ఇది మాత్రం తప్పనిసరి. 'బాగుందా?' అని అడగను, అడిగితే అందరూ 'బాగుంది సార్' అంటారు. 'ఈరోజు నువ్వు ఎవరి మాట వినలేదు?' 'ఎప్పుడు కోపం వచ్చింది, అప్పుడు ఏం చేసినావు?' 'రేపు మళ్లీ ఇదే గుంపయితే ఏం మారుస్తావు?' ఈ మూడే. మొదటి పావుగంట నవ్వులే. తర్వాత పెద్దింటి అబ్బాయి, 'వీడికి తెలుసని నాకు తెలుసు సార్, అడగడానికి నామోషీ అయింది' అన్నాడు. నా పాఠం అక్కడితో అయిపోయింది.

తుంగభద్ర_గట్టు
నవంబరు 9, రాత్రి 10:10

మాస్టారూ, దండాలు. ఆ మూడు ప్రశ్నలు లేకపోతే అది పిక్నికే. అనుభవం దానంతటదే పాఠం కాదు, దాన్ని వెనక్కి తిరిగి చూసుకుని, అందులో నుంచి ఒక సంగతి పట్టుకుని, మళ్లీ ఇంకోచోట వాడి చూడాలి. డేవిడ్ కోల్బ్ 1984లో రాసిన అనుభవ అభ్యసన చక్రం ఇదే. మీరు దాన్ని మామిడి చెట్టు కింద చేస్తున్నారు.

సంగటి_ముద్ద
నవంబరు 9, రాత్రి 10:25

మాస్టారూ, కథ బాగుంది, నవ్వడం లేదు, నిజంగానే అడుగుతున్నా. సోమవారం ఏమైంది? ఆ పిల్లోడు మళ్లీ చివరి బెంచీకే పోయుంటాడు కదా?

గుత్తికోట_మాస్టారు
నవంబరు 9, రాత్రి 10:50

పోయినాడు. దాచడానికేముంది. సోషల్ చెప్పే మేడమ్ అవే గుంపులను అట్లే ఉంచి ప్రాజెక్టు ఇచ్చింది. ఆ పీరియడ్‌లో వాడు మాట్లాడతాడు, మిగతావాళ్లు వింటారు. లెక్కల పీరియడ్‌లో గుంపులు లేవు, మార్కుల వరుసే. అక్కడ వాడు మళ్లీ గోడ పక్కన. ఒకే పిల్లోడు, ఒకే రోజు, పదిన్నరకు ఒక రకం, పదకొండున్నరకు ఇంకో రకం.

తుంగభద్ర_గట్టు
నవంబరు 9, రాత్రి 11:15

ఈ రంగంలో పెద్ద గొడవే దీని మీద ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ బ్రూక్స్ అనే పరిశోధకుడు 2003లో గట్టిగా వాదించాడు. కొండ మీద ధైర్యంగా ఉన్న పిల్ల ఇంట్లోనూ బడిలోనూ ధైర్యంగా ఉంటుందని ఎందుకు అనుకుంటున్నారు, మనిషి ప్రవర్తన చుట్టూ ఉన్న పరిస్థితిని బట్టి మారుతుంది కదా, 'వ్యక్తిత్వం నిర్మిస్తాం' అనేది అతిశయోక్తి అని. మీ లెక్కల పీరియడ్ ఆయన పక్షం, సోషల్ పీరియడ్ హాటీ పక్షం.

నా అభిప్రాయం చెప్పమంటే, క్యాంపు పిల్లను మార్చి పంపించదు. తను వేరేగా కూడా ఉండగలదని పిల్లకూ, తోటి పిల్లలకూ ఒకసారి చూపిస్తుంది. ఆ తర్వాత బడి, ఇల్లు దానికి చోటిస్తే నిలుస్తుంది. అమ్మగారూ, అందుకే నాలుగున్నర వేలు దండగా కాదా అన్నది గండికోటలో తేలదు. తిరిగి వచ్చాక క్లాసులో ఏం చేస్తారో స్కూలును అడగండి. జాతీయ విద్యా విధానం 2020లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది రోజులు బ్యాగు లేని రోజులు పెట్టమన్నారు. స్కూళ్లు తలుచుకుంటే ఇలాంటివాటికి జాగా ఉంది.

నల్లమల_నీడ
నవంబరు 10, ఉదయం 6:05

అటవీ శాఖలో చేసి రిటైరయినాను. మీరంతా మనసుల గురించి మాట్లాడుకున్నారు, నేను ప్రాణాల గురించి మాట్లాడతాను.

2014 జూన్ 8 గుర్తుందా? హిమాచల్‌లో బియాస్ నది దగ్గర హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఫొటోలు దిగుతున్నారు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలినారు. 24 మంది పిల్లలు, వాళ్లతో ఉన్న టూరు మనిషి కొట్టుకుపోయినారు. వాళ్లు సాహసమేమీ చేయలేదు, ఊరికే నిలబడినారు. ఆ చోటు తెలిసిన మనిషి పక్కన లేడు, అంతే.

గండికోట కింద ఉన్నది కూడా రిజర్వాయరే. 26.85 టీఎంసీల సామర్థ్యం. వెనుక జలాలు నిలకడగా కనపడతాయి, గాలి లేస్తే లోయలో అల గట్టిగా ఉంటుంది. కయాక్ ఎక్కే ప్రతి పిల్లకు లైఫ్ జాకెట్, అదీ కొలతకు సరిపోయేది. భుజాల దగ్గర పట్టి పైకి లాగితే చెవుల దాకా రాకూడదు. నీళ్లలో ఒక రెస్క్యూ పడవ ఉండాలి, గట్టు మీద ఉంటే లెక్కలోకి రాదు.

ఇంకొన్ని అడగండి. ట్రైనర్లు ఎక్కడ నేర్చుకున్నారు? డార్జిలింగ్‌లోనో ఉత్తరకాశీలోనో పర్వతారోహణ సంస్థల్లో కోర్సు చేసినవాళ్లుంటే మంచిది. ఎంతమంది పిల్లలకు ఒక ట్రైనర్? తాళ్లు ఎన్నేళ్ల నాటివి, వాటికి రిజిస్టరు ఉందా? పాము కరిస్తే విరుగుడు మందు ఉండే దగ్గరి ఆసుపత్రి ఏది, అక్కడిదాకా బండి రాత్రంతా క్యాంపులోనే ఉంటుందా? కోట అంచున కంచె లేని చోట్లు చాలా ఉన్నాయి. చీకటి పడినాక పిల్లలు అటు పోకుండా కాపలా ఎవరు? జవాబు చెప్పడానికి విసుక్కుంటే పంపించొద్దు. మంచి ట్రైనర్‌కు ఈ ప్రశ్నలంటే ఇష్టం.

మా నల్లమలకు కూడా ఈ మధ్య కొందరు పిల్లలను 'నైట్ క్యాంపు' అని తెస్తున్నారు. అది పులుల అభయారణ్యం. శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు.

బండమీద_తాడు
నవంబరు 10, ఉదయం 6:50

పెద్దాయన చెప్పినదానికి నా సంతకం. గండికోటలో టెంట్లు వేసేటప్పుడు ఇంకోటి చూస్తాం. నేలంతా బండ, మేకులు దిగవు. తాళ్లను రాళ్లకు చుట్టి కట్టాలి. రాత్రి గాలికి ఊడితే పిల్లలే లేచి మళ్లీ కట్టుకోవాలి. రాత్రి రెండు గంటలకు నిద్రమొహాలతో నలుగురు పిల్లలు ఒకరినొకరు తిట్టుకుంటా టెంటు నిలబెట్టుకుంటారు చూడండి, ఫారంలో రాసిన వికాసం ఏదైనా ఉంటే అది ఆ పావుగంటలోనే. మా వాళ్లు దూరంగా టార్చి పట్టుకుని నిలబడతారు, చెయ్యి పెట్టరు.

వేదిక నిర్వాహకుడు
నవంబరు 10, ఉదయం 10:00

ఈ చర్చలో క్యాంపులు నడిపే ఇద్దరు పెట్టిన ఫోన్ నంబర్లు, డిస్కౌంట్ ప్రకటనలు తీసేశాం. ప్రకటనలకు వేరే విభాగం ఉంది.

దేవునికడప_అమ్మ
నవంబరు 12, రాత్రి 8:15

అందరికీ చాలా థాంక్స్. నిన్న స్కూలుకు పోయి, నల్లమల పెద్దాయన ప్రశ్నలు, మైదుకూరు అక్క ప్రశ్నలు కాగితం మీద రాసుకుని అడిగినాను. ఎనిమిదిమందికి ఒక ట్రైనర్ అన్నారు, ఆడ ట్రైనర్లు ఇద్దరున్నారు. బండి, ఆసుపత్రి సంగతి రాసిచ్చినారు. తాళ్ల రిజిస్టరు అడిగితే మేనేజరు ముఖం చిన్నబోయింది గానీ, ట్రైనర్‌కు ఫోన్ కలిపిచ్చినాడు. ఆ అబ్బాయి ఉత్సాహంగా చెప్పినాడు, పెద్దాయన అన్నట్టే. రెస్క్యూ పడవ సంగతికి మాత్రం 'చూస్తాం మేడమ్' అన్నారు. తిరిగొచ్చాక ఏం చేస్తారంటే క్లాస్ టీచరమ్మ కొంచెంసేపు ఆలోచించి, గుంపులను అట్లే ఉంచి సైన్స్ ఫెయిర్ చేయిస్తానంది. గుత్తి మాస్టారి సోషల్ మేడమ్ గురించి నేనే చెప్పినాను మరి.

ఆలూరు తమ్ముడు చెప్పినాక పాపను మళ్లీ అడిగినాను. ఈసారి 'పోతావా వద్దా' అని అడగలేదు, ఫారం ముందర పెట్టి ఒక్కొక్క లైను చదివించినాను. బండ ఎక్కుతుందట. టెంటుకు ఓకే. రాపెల్ అక్కడికి పోయినాక చెప్తుందట. కయాక్ వద్దే వద్దు, నీళ్లంటే భయం. నీ ఇష్టం అనే పిల్ల ఇన్ని మాటలు చెప్పింది. ఫారంలో కయాకింగ్ కొట్టేసి పక్కన తనే సంతకం పెట్టింది. స్కూలువాళ్లు ఒప్పుకున్నారు.

మా ఆయన డబ్బు ఇచ్చినారు, 'వచ్చినాక గిన్నెలు కూడా కడగాలి' అని షరతు. అత్తమ్మ ఇంకా మాట్లాడలేదు.

ఆలూరు_పిల్లోడు
నవంబరు 12, రాత్రి 8:40

ఫోన్లు తీసుకుంటారా అని అడిగినారా అక్కా?

దేవునికడప_అమ్మ
నవంబరు 12, రాత్రి 8:52

అడిగినాను తమ్ముడూ. పిల్లలవి బస్సు ఎక్కేటప్పుడే తీసుకుంటారట. ఫొటోలు టీచరమ్మ ఒక్కటే తీస్తుంది. బండ ఎక్కేటప్పుడు పిల్ల ఒప్పుకుంటేనే.

సంగటి_ముద్ద
నవంబరు 12, రాత్రి 9:10

మాస్టారూ, మా వీధిలో పది పన్నెండు మంది పిల్లోళ్లున్నారు, ఆదివారమంతా ఫోన్లలోనే. తాళ్లవీ నాకు రావు. మీ ఉగ్గాని పద్ధతి చేద్దామనుకుంటున్నా, మా చేను దగ్గరే. ఇంతమందికి ఒక్కడిని సరిపోతానా?

గుత్తికోట_మాస్టారు
నవంబరు 12, రాత్రి 9:35

సరిపోరు. నిప్పు దగ్గర ఇంకో పెద్ద మనిషి ఉండాలి. రెండు బకెట్ల నీళ్లు పొయ్యిల పక్కనే పెట్టుకోండి, ఎండుగడ్డి వాము ఉంటే దానికి దూరంగా పోండి. ముందుగా తల్లిదండ్రులకు చెప్పండి. పొద్దున పదిలోపల ముగించండి. ఇంకొక్కటి, అగ్గిపెట్టె మీ జేబులో ఉన్నట్టు పిల్లోళ్లకు తెలియనీకండి. తెలిస్తే పదకొండో పుల్ల అడుగుతారు.

బండమీద_తాడు
నవంబరు 12, రాత్రి 10:05

దేవునికడప అక్కా, క్యాంపు కోసమని కొత్త బూట్లు కొనొద్దు, కాళ్లు బొబ్బలెక్కుతాయి. అడుగు అరగని పాత స్పోర్ట్స్ షూలే మేలు. గోళ్లు కత్తిరించి, ఉంగరాలు తీసేసి, జుట్టు గట్టిగా జడ వేసి పంపించండి. వదులు జుట్టు, చున్నీ బిలే పరికరంలో ఇరుక్కుంటాయి. నవంబరు రాత్రి అక్కడ చలి ఉంటుంది, ఒక స్వెట్టర్. పడవ సంగతి 'చూస్తాం' అంటే కుదరదు, రేపు మళ్లీ ఫోన్ చేయండి. మీ పాప ఎక్కకపోయినా మిగతా పిల్లలు ఎక్కుతారు కదా.